నీలాద్రి చూసిన దారి

తూరుపుకోన అడవిలో జింకలు, కుందేళ్లు, ముళ్లపందులు, తాబేళ్లు కలిసి ఉండేవి. వాటికి పెద్ద ఒక ముసలి ఏనుగు. జింకకంటే పెద్దదైన నీలాద్రి అనే మనుబోతు కూడా అక్కడే ఉండేది. పరుగులో దానికి సాటి లేరు. ఆ సంగతి అందరికంటే బాగా దానికే తెలుసు.

ఒక ఎండాకాలం చెరువు ఎండిపోయింది. కొండ అవతలి ఏటికి వెళ్లక తప్పదు. అందరూ నడవగల దారి ఏదో చూసి రమ్మని ఏనుగు నీలాద్రికి చెప్పింది. ఇంత పెద్ద పని తనకే అప్పగించారని నీలాద్రి పొంగిపోయింది. బండల దారిన చెంగుచెంగున దూకుతూ వెళ్లి, ఎండెక్కకముందే తిరిగొచ్చింది. దారి భేషుగ్గా ఉందని చెప్పింది.

సూరత్త అనే ముళ్లపంది అడిగింది: "ఎవరి కాళ్లతో నడిచి చెబుతున్నావు నాయనా?"

"నా కాళ్లతోనే అత్తా. ఇంతకంటే మంచి కాళ్లు ఈ అడవిలో ఎవరికున్నాయి?"

సూరత్త ఏనుగును ఒక్కరోజు గడువడిగి, కుంటి కుందేలునూ చూలుతో ఉన్న జింకనూ వెంటబెట్టుకుని వెదురుపొదల దారిన బయలుదేరింది. వాళ్లు ఆగినచోటల్లా తానూ ఆగింది. నీడ ఎక్కడుందో చూసుకుంది. అడ్డొచ్చిన ముళ్లకంప తీసేసింది. ఆ దారి చుట్టే అయినా అందరూ నడవగలరని వచ్చి చెప్పింది.

మర్నాడు దగ్గరి దారని సగంమంది నీలాద్రి వెంటే వెళ్లారు, మిగతావాళ్లు సూరత్త వెంట నడిచారు. కాసేపటికే బండల వేడికి కుందేళ్ల పాదాలు బొబ్బలెక్కాయి. తాబేలు రాళ్లసందులో ఇరుక్కుంది. ఎలా దాటాలో చూపిస్తానని నీలాద్రి అందరి ముందూ ఎగిరి దూకింది. రాయి జారింది. కాలు మడతపడింది.

ఏనుగు వచ్చి తాబేలును పైకి తీసి, అందరినీ వెదురుదారికి మళ్లించింది. నీలాద్రి కుంటుతూ అందరికంటే వెనక నడిచింది. ఆగాలనిపించిన ప్రతిచోటా నీడ ఉంది. ఇది చూసి పెట్టినవాళ్లెవరో తలుచుకుంటే దానికి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఏటి ఒడ్డున చూలు జింక నీళ్లు తాగుతుంటే సూరత్త ముళ్లు విప్పార్చుకుని కాపలాగా నిలబడి చూస్తోంది. నీలాద్రి సూరత్త దగ్గరికి వెళ్లి, తన తొందర వల్ల అందరూ బాధపడ్డారని ఒప్పుకుంది. ఇకమీదట దారులు చూసే పని సూరత్తదేనని ఏనుగు ప్రకటించింది.

"కాలు నయమయ్యాక నువ్వూ నాతో రా నాయనా. అయితే నా వెనక నడవాలి," అంది సూరత్త.

నీతి: బలమైనవాడు దాటినంత మాత్రాన అది మంచి దారి కాదు, బలహీనులు కూడా క్షేమంగా నడవగలిగినదే మంచి దారి.