వెనక్కి నడిచిన ప్రదక్షిణం

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. కథల్లో రాజులకు ఎప్పుడూ ముగ్గురే కదా! మూడోవాడి పేరు మంజుకేతు.

ఏడు సముద్రాల అవతల సువర్ణద్వీపంలో పాడుబడిన రాజధాని ఉంది. దాన్ని చూసి వస్తానని పెద్దవాడు ఓడెక్కాడు. రాలేదు. అన్నను వెతకడానికి రెండోవాడు ఓడెక్కాడు. వాడూ రాలేదు. తల్లి అన్నం మానేసింది.

"అన్నల్ని తీసుకొస్తాను. లేచి రెండు ముద్దలు తినమ్మా" అని మంజుకేతు బయలుదేరాడు.

ఏడు సముద్రాలూ దాటాడు. ఎటు చూసినా కూలిన గోపురాలే. గోడల్ని చెట్ల వేళ్ళు చుట్టేసుకున్నాయి. రాజవీధిలో కోతులు తప్ప ఎవరూ లేరు. నడుమ ఒక పెద్ద గుడి. వాకిట మూడు రాతి బొమ్మలు. ఒకటి కిరీటం పెట్టుకున్న అమ్మాయి. మిగతా రెండూ అన్నలు. మంజుకేతుకు ఏడుపు ముంచుకొచ్చింది.

"తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఈ రాయి తియ్యి నాయనా" అంది రాయి కింద తోక ఇరుక్కున్న బల్లి.

తీశాడు. బల్లి అసలు సంగతి చెప్పింది.

"ఈ ఊరిని పాడుచేసింది కరాళదంతుడనే మాంత్రికుడు. ఆ అమ్మాయి ఇక్కడి రాకుమారి హేమరేఖ. గుడి గోడ చుట్టూ చెక్కిన చిలకలున్నాయే, వాటిలో ఒకదానిలో వాడి ప్రాణం ఉంది. అదొక్కటే కన్ను ఆర్పుతుంది. దాన్ని పట్టుకుంటే వాడు నీ చేతిలో ఉన్నట్టే. వేరేదాన్ని ముట్టుకుంటే నువ్వే రాయి."

"ముఖాలు చూసి పట్టుకుంటాను, అంతేగా?"

"అక్కడే ఉంది చిక్కు. చిలకలన్నీ ప్రదక్షిణం చేస్తున్నట్టు చెక్కారు. వాటి వెంట నడిస్తే తోకలే కనిపిస్తాయి. మీ రెండో అన్న తోక చూసి పట్టుకున్నాడు. ఎదురు నడిస్తే అప్రదక్షిణం, అలా తిరిగినా రాయే. మీ పెద్దన్న ఆ తప్పే చేశాడు."

మాంత్రికుడు మెట్ల మీద కూర్చుని తాంబూలం నములుతున్నాడు. "తిరుగు బాబూ, తిరుగు. వాకిట్లో ఇంకో బొమ్మకు చోటుంది" అన్నాడు.

మంజుకేతు చెప్పులు విడిచి, దణ్ణం పెట్టాడు. మొదటి చుట్టు తిరిగాడు, తోకలే. రెండో చుట్టు తిరిగాడు, తోకలే. అతనికి భయం వేసింది. అయినా మూడో చుట్టులో వీపు ముందుకు తిప్పి, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

"ఇదేం ప్రదక్షిణం?" అని అరిచాడు మాంత్రికుడు.

"అందరూ వెళ్ళే వైపుకే వెళుతున్నాను. ముఖం ఎటు పెట్టాలో ఎవరూ చెప్పలేదు."

వేరు తగిలి తూలాడు. మెట్టు తగిలి పడ్డాడు. మళ్ళీ లేచి నడిచాడు. ఇప్పుడు చిలకలన్నీ అతనికేసే చూస్తున్నాయి. ఒక మూల ఓ చిలక కన్ను ఆర్పింది. చటుక్కున దాని మెడ పట్టుకున్నాడు. అది నిజం చిలకై గోడలోంచి ఊడి చేతికొచ్చింది.

"మెడ వదులు!" అని మాంత్రికుడు గింజుకున్నాడు.

"ముందు వీళ్ళను మనుషుల్ని చెయ్యి."

చేశాడు, చెయ్యక ఏం చేస్తాడు! అన్నలు వచ్చి తమ్ముణ్ణి గట్టిగా పట్టుకున్నారు. చిలక పంజరంలోకి వెళ్ళింది. మాంత్రికుడి చేతికి చీపురు వచ్చింది. అంత పెద్ద గుడీ వాడే ఊడ్చాలి మరి.

ముగ్గురు కొడుకులూ ఇంటి వాకిట్లో కనబడ్డాక గాని తల్లి అన్నం ముట్టలేదు. హేమరేఖకూ మంజుకేతుకూ పెళ్ళి కుదిరింది. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. అది తర్వాతి మాట. ముందు పెళ్ళి కావాలి కదా! అగ్నిహోత్రం చుట్టూ తిరగబోతూ పెళ్ళికూతురు అతని చెయ్యి గట్టిగా పట్టుకుని మెల్లగా అంది:

"ఈసారైనా ముందుకు చూసి నడవండి."