ఎండిన గిట్ట ముద్ర

మర్లవాగు అడవిలో తప్పు ఒప్పుకున్నవాళ్లు ఏనుగు తాత ముందు తడిమట్టిలో కాలి ముద్ర వెయ్యాలి. ముద్ర ఎండిందా, మాట ఖాయం. దాన్ని చెరిపే హక్కు తాత కాలికి ఒక్కదానికే ఉంది. ఆ కాలు ఇంతవరకూ లేచిన పాపాన పోలేదు.

ఓ ఎండాకాలం ఉదయం కుందేలు లబోదిబోమంటూ వచ్చింది.

"తాతా, నా దోసపాదు ఎవరో తవ్విపోశారు! తెల్లారుతూనే నీలమ్మ గేదె అటుగా నడిచింది. నేను చూశాను!"

నీలమ్మ నడిచిన మాట నిజమే. నడవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. అయినా బెదిరిపోయి నక్క దగ్గరికి పరిగెత్తింది. అడవి చట్టమంతా తన తోకలోనే ఉందని చెప్పుకు తిరిగే నక్క అది.

"కాదన్నావనుకో, విచారణలూ సాక్షులూ! ఇక మడుగులో దిగే తీరికెక్కడిదక్కా?" అంది నక్క. "ఒప్పేసుకో. తాత ఓ కేక వేస్తాడు, తల వంచుకో. మధ్యాహ్నానికి నీళ్లలో ఉంటావు."

"అంతేనా తమ్ముడూ?"

"అంతే. నా తోక మీద ఒట్టు!"

నీలమ్మ ముద్ర వేసింది.

"ఒప్పుకున్నావు కాబట్టి వానలు పడేదాకా నీకు మడుగు బంద్," అన్నాడు తాత.

ఎండాకాలంలో మడుగు లేని గేదె అంటే పొయ్యి మీద పెనమే.

"ఒక్క కేకతో పోతుందని నక్క చెప్పింది తాతా!"

"చెప్పలేదంటోంది నక్క. ముద్ర నీదేగా? పో ఇంటికి."

"పోను. మడుగు పోతుందని తెలిస్తే గిట్ట ఎత్తేదాన్నే కాదు."

రోజూ వచ్చి ఆ ముద్ర పక్కనే నిలబడింది. చర్మం బీటలు వారింది. తాత విసుక్కున్నాడు, కుందేలు వెక్కిరించింది. నీలమ్మ కదల్లేదు.

ఓ రోజు అటు వెళ్తూ మడుగు గట్టున నక్కని చూసింది. అది పీతల బొరియలో తోక పెట్టి హాయిగా కూర్చుంది. ఓహో! తను మడుగులో దిగి నీళ్లు కలియబెడితే నక్కకి పీతలు పట్టడం కుదరదు. అదన్నమాట సంగతి! నీలమ్మ నేరుగా తాత దగ్గరికి వెళ్లింది.

"తాతా, పీతలు గుడ్లు పెట్టే కాలంలో వేట తప్పు కదా? నక్కని పిలిపించు."

నక్క ఉరుక్కుంటూ వచ్చింది. "అబద్ధం! పీత మొహం చూసి ఎన్నాళ్లయిందో!"

తోకకి వేలాడుతున్న పీతని చూసి అందరూ పడీపడీ నవ్వారు.

నీలమ్మ మాత్రం మెత్తగా అంది: "గొడవెందుకు తమ్ముడూ? ఒప్పేసుకో. తాత ఓ కేక వేస్తాడు, అంతే."

"నేనేమన్నా గేదెనా?" నక్క ఎగిరిపడింది. "ఒప్పుకుంటే మడుగు బందని కళ్లు తెరవకముందే తెలుసు నాకు!"

తాత చెవుల విసురు ఆగిపోయింది.

"అయితే నీలమ్మకి చెప్పిన చట్టం ఏ అడవిదిరా?"

నక్క పీత వేలాడే తోకని వెనక్కి దాచుకుంది. తాత కాలు లేచింది. ఎండిన ముద్ర పొడి పొడి అయింది.

"ముద్ర పోయింది. ఇప్పుడు విచారణ!"

అందరూ వెళ్లి చూస్తే పాదు నిండా కోరల గాట్లే. గేదెకి కోరలెక్కడివి? ఆ ఉదయం కూడా పాదు మీద పడి మూతికి దోసగింజలు అంటించుకున్న అడవిపంది మెల్లగా చెట్టు చాటుకి జరిగింది.

మధ్యాహ్నానికల్లా నీలమ్మ ముక్కు దాకా నీళ్లలో ఉంది. మడుగు బందయిన నక్క దూరంగా గట్టెక్కి కూర్చుంది, తోకకి ఇంకా వదలని పీతతో.

నీతి: తప్పుడు సలహా నమ్మి ఒప్పుకున్న నేరం నీది కాదు, ఆ ముద్ర చెరిగేదాకా అక్కణ్నుంచి కదలకు.