తెల్లరాతి కింద అడుగులు

అనగా అనగా ఒక ఏరు. ఆ ఏటికి ఒక వంపు. ఆ వంపులో ఒక ఊరు. ఊళ్లో మెరక మీద ఒక వీధి, పల్లంలో ఒక వీధి.

రెండు వీధులకూ కలిపి ఒక్కటే కచేరీ. కచేరీ గుమ్మం ముందు మంచమంత రాతిపలక ఒకటి పరిచి ఉండేది. దానికి ఎప్పుడూ తెల్లగా సున్నం పూసి ఉంచేవారు. మొర చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు ఆ రాయి దాటి లోపలికి వెళ్లాలి. రాతిమీద మరక పడిందో, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మాసిన కాళ్లతో కొలువుకు రాకూడదని ఊరి అధికారి శోభనాద్రి పెట్టిన కట్టడి అది.

పైవీధికి రాళ్లు పరిచిన బాట ఉంది. పల్లపు వీధికి బాటే లేదు. అడుగు తీసి అడుగు వేస్తే చీలమండ దాకా బురద. అందుకని పైవీధివాళ్ల మాట కొలువు దాకా వెళ్లేది. పల్లపు వీధివాళ్ల మాట గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

ఆ రాతికి సున్నం పూసే మనిషి నూకాలమ్మ. ఆమెదీ పల్లపు వీధే. ఏటి గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి, నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, పాలలాంటి సున్నం తీసేది. ఆమెకు మొగుడు లేడు. ఆరేళ్ల కూతురు ఒక్కతే లోకం. పేరు ముత్యాలు.

నూకాలమ్మకు ఈ పని నేర్పింది వాళ్ల నాన్న. "పాత పూత గీకి, రాయి కడిగి, అప్పుడు కొత్త పూత వెయ్యాలమ్మా. గీకకుండా పూస్తే అది సున్నం కాదు, అబద్ధం" అని ఆయన చెప్పేవాడు.

ఒక ఏడాది శోభనాద్రికి కచేరీ వెనక పూలతోట వేయించాలని బుద్ధి పుట్టింది. పైవీధి మురుగుకాలువ ఆ తోటకు అడ్డొచ్చింది. ఊరి చుట్టూ తిరిగి బీడు భూముల్లోకి పోయే కాలువను అతడు మళ్లించి పల్లపు వీధిలోకి వదిలేయించాడు. ఏటినీళ్లు ఉప్పన; తాగడానికి ఆ వీధికి ఉన్నది ఒకే ఒక్క మంచినీళ్ల బావి. మురుగు ఆ బావి ఒరను రాసుకుంటూ పారసాగింది. నెల తిరిగేసరికి నీళ్లు వాసన వేశాయి.

"కచేరీలో నా ముఖం ఎరగనివాళ్లు లేరు. నా మాట వినకపోతారా?" అనుకుంది నూకాలమ్మ. కూతుర్ని చెయ్యి పట్టుకుని బయలుదేరింది. గుమ్మం దగ్గర గడ్డిమీద కాళ్లు రుద్ది రుద్ది తుడుచుకుంది. కాపలా భటుడు సన్యాసి వంగి ఆమె పాదాలు చూశాడు.

"బాగానే తుడిచావు. పద" అన్నాడు.

అంతలో ముత్యాలు తెల్లరాయిని చూసి ముచ్చటపడింది. తల్లి చెయ్యి విడిపించుకుని దానిమీదికి ఒంటికాలితో గెంతింది. రాతి నడుమ చిన్న బురద పాదం పడింది.

శోభనాద్రి బయటికి వచ్చి చూశాడు. నూకాలమ్మ బావినీళ్ల సంగతి చెప్పబోయింది. "పిల్ల కాళ్లు కడగడం చేతకాదు గాని, ఊరి నీళ్ల సంగతి మాట్లాడ వచ్చావటే?" అన్నాడు. భటులు నవ్వారు. "పో. సున్నం తెచ్చి దాన్ని కప్పు."

"గీకి, కడిగి పూస్తాను దొరా."

"గీకుడెందుకు? పైనే పూసెయ్. పైవీధి పెద్దలు వచ్చే వేళయింది."

కాదంటే పని పోతుంది. పని పోతే పిల్లకు గంజి ఉండదు. నూకాలమ్మ వంగి, ఆ చిన్న పాదం మీద తెల్లగా పూసేసింది.

రెండోసారి వీధిలోని ఆడవాళ్లంతా కలిసి వెళ్లారు. అప్పటికి ఇంటికొకరు మంచం పట్టి ఉన్నారు. ఏటినీళ్లు కుండలతో తెచ్చుకుని గుమ్మం దగ్గరే కాళ్లు కడుక్కున్నారు.

"తడి కాళ్లా?" అన్నాడు సన్యాసి. "తడి మరక మరక కాదా?"

"ఆరేదాకా నిలబడతాం నాయనా" అంది ముందున్న బంగారమ్మ.

"నిలబడి ఆరబెట్టుకోడానికి అవేమన్నా వడియాలా? నడవండి!" అంటూ అందర్నీ తోసేశాడు. ఆ తోపులాటలో, దుమ్ము అంటిన తడిపాదాలు పది దాకా రాతిమీద పడ్డాయి. శోభనాద్రి గుంపులో ఉన్న నూకాలమ్మను పిలిచాడు. ఆమె అందరి ఎదుటా సున్నం పిడత పట్టుకుని వంగింది.

"మా అడుగులు నీ చేత్తోనే చెరిపేస్తున్నావా వదినా?" అంది బంగారమ్మ.

నూకాలమ్మ తల దించుకునే ఆ అడుగుల మీద రెండో పూత వేసింది.

ఆ వారమే ముత్యాలుకు వాంతులు పట్టుకున్నాయి. మొదటిరోజు నీళ్లు అడిగింది. రెండోరోజు కళ్లతో అడిగింది. మూడోరోజు ఏమీ అడగలేదు. ఇంట్లో ఉన్నవి ఆ బావినీళ్లే. నూకాలమ్మ అవే వడగట్టి పోసింది. అవే వడగట్టి పోసి, పిల్లను పోగొట్టుకుంది.

మూడోసారి వీధికి పెద్దవాడైన అప్పలస్వామి తాత లేచాడు. "నా కాళ్లు నేలకు తగలకుండా తీసుకుపొండిరా" అన్నాడు. ఇద్దరు మనుషులు ఆయన్ని కావడిలో కూర్చోబెట్టి మోసుకెళ్లి తెల్లరాతి మీద దింపారు. తాత పాదాలు అద్దంలా ఉన్నాయి.

సన్యాసి వంగి చూశాడు. "నీ కాళ్లు శుభ్రమే తాతా. నిన్ను మోసిన కాళ్ల సంగతేంటి?"

"బాబూ, మా వీధిలో ముగ్గురు పిల్లలు పోయారు."

"మరక పడింది తాతా" అన్నాడు సన్యాసి.

నూకాలమ్మకు మళ్లీ కబురు వచ్చింది. మూడో పూత వేసింది. ఈసారి ఆమె చెయ్యి ఆమెది కానట్టే ఉంది.

కొన్నాళ్లకు ఆ దేశపు రాజు ఊళ్లు చూసుకుంటూ అక్కడికి వచ్చాడు. రెండు వీధుల జనమూ కచేరీ ముందు గుమిగూడారు. శోభనాద్రి రాజును గుమ్మం దాకా తోడుకుని వచ్చి తెల్లరాయి చూపించాడు.

"మహారాజా! మొర ఉన్నవాడు ఈ రాయి తొక్కాలి. చూడండి, ఒక్క మరక లేదు. ఈ ఊళ్లో మొర అన్నదే లేదు!"

రాజు మెచ్చుకోలుగా తల ఊపాడు. "ఎంత తెలుపు! దీన్ని పూసిందెవరు?"

"నేనే ప్రభూ" అంటూ నూకాలమ్మ ముందుకు వచ్చింది.

"ఏం కావాలో కోరుకో."

ఆమె నడుముకు కట్టుకున్న ఇనుప బిళ్ల తీసింది. పాత సున్నం గీకే బిళ్ల అది. "నా పని ఒక్కసారి నన్ను సరిగ్గా చేసుకోనివ్వండి ప్రభూ. గీకకుండా పూయడం మా వృత్తిలో తప్పు. ఆ తప్పు నేను మూడుసార్లు చేశాను."

"దానికి బిడ్డ పోయి మతి చలించింది మహారాజా" అన్నాడు శోభనాద్రి తొందరగా.

రాజు చప్పున అతనివైపు తిరిగాడు. "మొరే లేని ఊళ్లో బిడ్డ ఎలా పోయింది?" అన్నాడు. "గీకమ్మా."

ఆమె మోకాళ్లమీద కూర్చుని గీకింది. మొదటి పొర పెచ్చులుగా లేచింది. దాని కింద రెండు జతల బురద పాదాలు ఎండి అలాగే ఉన్నాయి. "ఇది మా తాతను మోసిన కాళ్ల మొర" అంది.

రెండో పొర లేచింది. పది పాదాలు, ఒకదాని మీద ఒకటి. "ఇది మా ఆడవాళ్ల మొర."

మూడో పొర దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ కింద ఏముందో ఆమెకు తెలుసు. చాలాసేపటికి, రొట్టెమీది మాడు తీసినంత మెల్లగా ఆ పొర తీసింది.

ఒకే ఒక్క చిన్న పాదం. ఐదు వేళ్లూ విడివిడిగా ఉన్నాయి.

"ఇది నా కూతురు" అంది నూకాలమ్మ. "ఈ అడుగు పడ్డనాటికి బిడ్డ గెంతుతూ ఉంది ప్రభూ. మా బావిలో మురుగు కలుస్తోందన్న మొర ఆ రోజే ఎవరైనా విని ఉంటే ఇప్పటికీ గెంతుతూ ఉండేది."

రాజు ఆ పాదం దగ్గరికి వంగాడు. "దీన్ని కప్పింది ఎవరు?"

"మరక పడిందని మమ్మల్ని వెనక్కి పంపి, దాన్ని కప్పమన్నది ఆయన. కప్పింది నేను. పని పోతుందని భయపడ్డాను."

రాజు చెప్పులు విడిచాడు. వట్టి కాళ్లతో పల్లపు వీధికి నడిచాడు. బావిలో తొంగి చూశాడు. మోకాళ్ల దాకా బురదతో తిరిగి వచ్చి, తెల్లరాతి మీద ఆ చిన్న పాదానికి ఎడంగా రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డాడు.

"భటుడా, నన్నూ వెనక్కి పంపుతావా?" అన్నాడు. సన్యాసి గుమ్మం వదిలి పక్కకు తప్పుకున్నాడు.

ఆ పూటే శోభనాద్రి పదవి పోయింది. బావి తేటపడేదాకా అతడు ఆ వీధిలోనే ఉండి, ఆ నీళ్లే తాగాలని రాజు ఆజ్ఞ. పూలతోట మీదుగా కాలువ పాతదారి పట్టింది. బావిని మూడుసార్లు తోడి పోశారు. నెల తిరగకముందే నీళ్లు తేటపడ్డాయి. పల్లపు వీధికి బాట పడింది.

"నువ్వు కోరుకోవాల్సింది ఇంకా మిగిలే ఉంది" అన్నాడు రాజు ఆ రోజు వెళుతూ వెళుతూ.

"ఆ రాయికి ఇక సున్నం పూయనివ్వకండి ప్రభూ" అంది నూకాలమ్మ.

ఆ తరవాత ఎవరూ పూయలేదు. ఎండకూ వానకూ రాయి నల్లబడింది. బురద పాదం ఎన్నడో కడుక్కుపోయింది. అయినా పల్లపు వీధివాళ్లు కచేరీకి వెళ్లినప్పుడల్లా రాతి నడుమ జానెడు చోటు వదిలి, పక్కనుంచి అడుగు వేసేవారు.

కాబట్టి పిల్లలూ, అన్యాయాన్ని కప్పమన్న నోటిదే కాదు, భయపడి కప్పిన చేతిదీ తప్పే. అది తెలిసిన రోజునైనా ఆ చేత్తోనే గీకి నలుగురికీ చూపించడం న్యాయం.