ప్రెసిడెంటుగారి బరువు

తెల్లారితే మార్కెట్ యార్డు చుట్టూ చిన్న బైకుల పందెం. మెకానిక్ కోటమ్మకు పొద్దున్నుంచీ ఒకటే తలనొప్పి, ఊరి ప్రెసిడెంటు భూషయ్యగారు.

పందెంలో బండి నడిపేది ఆయన కూతురు హైమ. గాలికి ఎగిరిపోయేంత సన్నటి పిల్ల. మట్టిలో తిరిగే బండి యార్డు చుట్టూ ఉన్న తారురోడ్డు మీద ఊగకుండా, కోటమ్మ హైమను కూర్చోబెట్టి ఆమె బరువుకు తగ్గట్టు స్ప్రింగులు బిగించింది. ఇంతలో భూషయ్యగారు వచ్చి ఎక్కారు. నిండు బస్తాలాంటి మనిషి. బండి కిందికంటా కుంగింది.

"ఇవి స్ప్రింగులా, పిండిముద్దలా? బిగించవే!"

బిగించింది. హైమ ఒక చుట్టు తిరిగేసరికి బండి చిన్న రాయికి కూడా కప్పలా ఎగిరింది. పిల్ల మలుపులో పడబోయి తమాయించుకుంది. కోటమ్మ మళ్ళీ వదులు చేసింది. ఆయన మళ్ళీ ఎక్కారు. మూడుసార్లు ఇదే వరస.

"అయ్యగారూ, అమ్మాయి పడిపోతుందండీ."

"బండి నాది. నాకు తెలీదూ?"

కోటమ్మకు విసుగు నషాళానికంటింది. ఆయన చెప్పినంత బిగించింది. నలుగురూ చూస్తుండగా హెల్మెట్ తెచ్చి, బండి మీదున్న ఆయన చేతిలో పెట్టింది.

"ఇదెందుకే?"

"మీ బరువుకు సరిగ్గా కుదిరిందండీ. రేపు మీరే నడపాలి. మీ కొలతకు కుట్టిన చొక్కా అమ్మాయికి తొడగలేం కదా! పందెంలో పేరు మార్పించి రమ్మంటారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. భూషయ్యగారు మలుపు వంక చూసి మెల్లగా దిగారు.

"సరేలే, అమ్మాయినే కూర్చోబెట్టి చూడు."

కోటమ్మ స్ప్రింగులు వదులు చేయసాగింది. రెండు నిమిషాలైనా కాలేదు.

"అయినా, వెనకది కాస్త..." అన్నారాయన.

కోటమ్మ తలెత్తకుండానే హెల్మెట్ ఆయన వైపు జరిపింది.