కంబళి పట్టీ

ఓబులేసు తుపాకీలో ఏ లోపమూ లేదు. గురి కూడా మంచిదే. వచ్చిన చిక్కంతా దాని పట్టీతోనే. భుజానికి తగిలించుకుని పది అడుగులు వేశాడో లేదో, పట్టీ జారి మోచేతి దగ్గర తేలుతుంది. పైకి లాక్కుంటాడు. మళ్లీ జారుతుంది.

జారకుండా ఆపాలని కుడి భుజం చెవి దాకా ఎత్తి, మెడ ఎడమకు వాల్చి నడవడం అలవాటైపోయింది. దూరం నుంచి చూసినవాళ్లు మెడ పట్టేసిందనుకుని, ఉప్పు మూటతో కాపడం పెట్టుకోమని సలహా చెప్పి పోయేవాళ్లు.

ఇది పంటకాపుకు తుపాకీ లైసెన్సులు ఇచ్చే రోజుల నాటి మాట. నల్లమల అంచున ఉన్న ఆ ఊరికి వేరుశనగే, వాళ్ల మాటలో చెనిక్కాయే, ఆధారం. కాయ ఊరే వేళకి కొండ మీది పందులు చేలలోకి దిగుతాయి. ఒక్క గుంపు ఒక్క పూటలో ఎకరం చేనును నాగలి పెట్టినట్టు తిరగేసి పోతుంది. అందుకని పంట ఇల్లు చేరేదాకా ఒక మనిషి తుపాకీ పట్టుకుని చేల చుట్టూ తిరగాలి. నలభై ఏళ్లుగా ఆ మనిషి దస్తగిరి. ఊరంతా ఆయన్ని ఉస్తాదు అంటారు. ఇప్పుడు ఆయన మోకాళ్లు మాట వినడం మానేశాయి.

ఓబులేసు ఆయన శిష్యుడు. మూడేళ్లుగా ఆయన అడుగు తీసిన చోట అడుగు వేస్తూ తిరిగాడు. ఈ ఏడు కాపు తనకే అప్పగిస్తారని ఆశ. ఆశంటే మామూలు ఆశ కాదు, కంచం ముందు కూర్చున్నా అదే ధ్యాస. కాపు మనిషి చేతిలో చేను పెట్టి ఊరు నిశ్చింతగా ఉంటుంది. తనను నమ్ముకుని ఒక ఊరు అలా ఉండటం కన్నా గొప్ప సంగతి ఓబులేసుకు తోచలేదు.

కానీ పట్టీ జారుతోంది.

మొన్నామధ్య పొద్దుపొడుపు వేళ సుంకిరెడ్డి చేని దగ్గర పందుల గుంపు కనబడింది. ఊళ్లో పెద్ద చేను ఆయనదే, పెద్ద నోరూ ఆయనదే. ఓబులేసు ముళ్ల కంచె కింద నుంచి వంగి దూరబోయాడు. పట్టీ జారింది. తుపాకీ మడమ రాతికి తగిలి ఠంగుమంది. అవసరం వచ్చేదాకా తూటా పెట్టకూడదని ఉస్తాదు మొదటి రోజే నేర్పాడు కాబట్టి సరిపోయింది. పందులు మాత్రం ఒక్క క్షణంలో మాయం.

గట్టు మీద నిలబడి సుంకిరెడ్డి అంతా చూశాడు.

“ముందు నీ తుపాకీకి కాపు కాసుకో ఓబులేసూ. మా చేను సంగతి ఆనక చూద్దాం” అన్నాడు.

ఆ మాట ఓబులేసుకు ముల్లులా దిగింది. ఇంటికి వచ్చి, ఉన్న తోలు పట్టీ విప్పి మూలకు విసిరాడు. నంద్యాల పోయి ఎర్రతోలు పట్టీ తెచ్చాడు. దాని మీద ఇత్తడి పువ్వులు. అవి భుజం ఎముకను పొడిచాయి, నడిస్తే గలగలమన్నాయి. సంతలో ఎవరో మిలిటరీ సరుకంటే నమ్మి గుడ్డ పట్టీ కొన్నాడు. అది సన్నం, మధ్యాహ్నానికల్లా భుజం కోసేసింది. మెత్తగా ఉంటుందని భార్య ఈరమ్మ చేత మఖమలు గుడ్డ వేసి ఇంకోటి కుట్టించాడు. అది అన్నిటికన్నా మెత్తగా ఉంది, అన్నిటికన్నా తొందరగా జారింది.

చివరికి అన్నీ సంచిలో వేసుకుని ఉస్తాదు దగ్గరికి పోయాడు.

దస్తగిరి ఇంటి ముందు ఎండలో కూర్చుని గడ్డం దువ్వుకుంటున్నాడు. ఓబులేసు పట్టీలన్నీ గాజుల వ్యాపారిలా ఆయన ముందు పరిచాడు.

“ఉస్తాద్, వీటిలో జారనిదేదో నువ్వే చెప్పు. లేదంటే జారని పట్టీ యాడ దొరుకుతుందో చెప్పు. కడపకైనా పోయి తెస్తా.”

దస్తగిరి ఒక్కొక్కటే చేత్తో తడిమి పక్కన పెట్టాడు. ఇత్తడి పువ్వుల దాని దగ్గర మాత్రం కాసేపు ఆగాడు. “పెండ్లికి బాగుంటాది” అన్నాడు. తర్వాత అడిగాడు.

“ఇవి కొనేటప్పుడు ఎట్ల చూసుకున్నావు?”

“తగిలించుకొనే చూసినా ఉస్తాద్. అంగట్లో నిలువుటద్దం ఉండాది.”

“అద్దం ముందర వంగినావా?”

“లేదు.”

“గట్టు ఎక్కినావా?”

అంగట్లో గట్టు యాడుంటాది, అని నోటి దాకా వచ్చిన మాట ఓబులేసు మింగేశాడు.

దస్తగిరి లేచి లోపలికి పోయి తన తుపాకీ తెచ్చాడు. దాని పట్టీ ఎవరికీ చూపించుకునేలా లేదు. నల్ల గొర్రె ఉన్నితో నేసిన కంబళి ముక్క, నాలుగు వేళ్ల వెడల్పు. గరుకుగా, నూగు లేచి, చివర్లలో కన్నాలున్న తోలు ముక్కలు కుట్టి ఉంది. ఆయన దాన్ని విప్పి ఓబులేసు తుపాకీకి తగిలించాడు.

“వంగు.”

ఓబులేసు వంగాడు. తుపాకీ ముందుకు ఊగింది. దస్తగిరి పట్టీని ఒక కన్నం బిగించాడు.

“ఆ అరుగు ఎక్కు. దూకు. కూకో. లెయ్యి.”

పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా ఎక్కించాడు, దూకించాడు. ఒక్కోసారి ఒక్కో కన్నం మార్చాడు. ఓబులేసు చొక్కా తడిసి ముద్దయింది గానీ ఆ నల్ల ముక్క మాత్రం భుజం మీద బల్లిలా పట్టుకుని కూర్చుంది. ఎక్కడా కోయలేదు. ఏ చప్పుడూ లేదు.

“తీసుకుపో” అన్నాడు దస్తగిరి. “నాకింక దాంతో ఏం పని.”

ఓబులేసు కళ్లకు అద్దుకుని తీసుకున్నాడు. నలభై ఏళ్లు ఉస్తాదు భుజం మీద ఉన్న పట్టీ! ఇంటికి పోయేదాకా దాన్ని తడుముతూనే ఉన్నాడు.

ఇంటికి పోయాక ఆ గరుకు ముక్కను చూస్తే మనసు ఒప్పలేదు. ఇంత గొప్ప వస్తువు ఇలా దుమ్ము కొట్టుకుని ఉండటమేమిటి? సాయంత్రం తీరిగ్గా కూర్చుని తుపాకీకి నూనె పెట్టాడు. ఆ చేత్తోనే పట్టీకీ పెట్టాడు. అది చాలలేదనిపించి ఈరమ్మ తలనూనె సీసా తెచ్చి గుడ్డతో అంతా పట్టించాడు. లేచిన నూగునంతా దువ్వెనతో ఒక పక్కకు దువ్వాడు. పట్టీ నిగనిగలాడింది.

“నా తల ఒక్కనాడన్నా అట్ల దువ్వినావా?” అంది ఈరమ్మ.

మర్నాడు ఓబులేసు కావాలనే సుంకిరెడ్డి చేని మీదుగా పోయాడు. కావాలనే ఆగి, “ఉస్తాదు పట్టీ రెడ్డీ, నాకే ఇచ్చినాడు” అని ఇటు తిరిగి భుజం చూపించాడు. సుంకిరెడ్డి చూడటానికి ముందుకు వంగాడు. సరిగ్గా అప్పుడే పట్టీ చల్లగా జారి, తుపాకీ పోయి సుంకిరెడ్డి చెప్పు మీద పడింది.

పాపం, ఈసారి ఆయన ఎగతాళి కూడా చేయలేదు. కాలు రుద్దుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

“సూడబ్బా, నీ మీద నాకేం కోపం లేదు. పంట ఉంది సూడు, దాని మీద ఊరి బతుకుండాది. శుక్రవారం లోపల దస్తగిరి ఒక మాట చెప్పాల. ‘వీడు చాలు’ అంటే నువ్వు. లేదంటే పక్కూరి తుపాకీ మనిషిని పిలిపిస్తాం.”

కోపంగా అని ఉంటే తట్టుకునేవాడేమో. నెమ్మదిగా అనేసరికి ఓబులేసు తుపాకీ ఎత్తుకుని వెనుదిరిగాడు. నేరుగా ఉస్తాదు ఇంటికి నడిచాడు.

దస్తగిరి పట్టీని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఏం నూనె ఇది?”

“కొబ్బరినూనె. ఈరమ్మది.”

దస్తగిరికి నవ్వు ఆగలేదు. “భలే చేసినావు నాయినా. ఈరమ్మ మొగుడొస్తా ఉండాడని కొండ మీది పందులకు ముందే కబురు పోయుంటాది.”

ఓబులేసు తల వంచుకున్నాడు. “నీ మీద గౌరవంతో చేసినా ఉస్తాద్.”

“ఆ గౌరవమే జారింది.”

దస్తగిరి ఇంట్లోంచి గుప్పెడు కుంకుడుకాయలు, రొట్టెల మూట తెచ్చుకుని వాగు వైపు నడిచాడు. మోకాళ్లు పట్టుకుంటూ, ఆగుతూ పోయాడు. వాగులో ఒక రాతి మీద కూర్చుని కాయలు చితక్కొట్టి, నురుగు తీసి, పట్టీని ఉతకడం మొదలుపెట్టాడు.

“నేను ఉతుకుతా, ఇటియ్యి ఉస్తాద్” అని ఓబులేసు చెయ్యి చాపాడు. దస్తగిరి ఇవ్వలేదు. మళ్లీ అడిగాడు. ఇవ్వలేదు. గురువు చేతులు తన నూనెను కడుగుతుంటే నిలబడి చూడటం ఎంత కష్టమో ఓబులేసుకు ఆ రోజు తెలిసింది.

మూడు సార్లు నురుగు తీశాక నూనె వదిలింది. దస్తగిరి పట్టీని పిండి, అరచేత్తో ఎదురు తిప్పి రుద్దాడు. దువ్వి పడుకోబెట్టిన నూగంతా మళ్లీ లేచింది. బండ మీద ఆరేశాడు.

అది ఆరేదాకా ఇద్దరూ నీడలో కూర్చున్నారు. మూట విప్పి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నారు. దస్తగిరి తన చిన్నప్పటి కబుర్లేవో చెప్పాడు. పట్టీ మాట గానీ, కాపు మాట గానీ ఎత్తలేదు. ఓబులేసుకూ ఎత్తాలనిపించలేదు. చాలా రోజులకు ఆ పూట అతనికి తిండి రుచి తెలిసింది.

శుక్రవారం పొద్దు వాలుతుండగా సుంకిరెడ్డి వచ్చాడు. ముగ్గురూ చేల వైపు బయల్దేరారు. ముందు ఉస్తాదు, వెనక రెడ్డి, ఆ వెనక ఓబులేసు.

వాగు దాటాక తడి మట్టిలో ఓబులేసుకు ఒక గిట్ట గుర్తు కనబడింది. ఇంకోటి కనబడింది. అతను ఇద్దరినీ దాటి ముందుకు పోయాడు. గట్టెక్కాడు. చతికిలబడి మట్టి గడ్డ తీసి నలిపి చూశాడు.

“ఇప్పుడే పోయినాయి” అన్నాడు వెనక్కి తిరగకుండానే. “తల్లి ముందర. పిల్లలు ఐదు, కాదు, ఆరు. ఎనక ఒక మగది. దానికి ముందర ఎడం కాలు కుంటు, గుర్తు సగమే పడుతుండాది. రెడ్డీ, ఇవి నీ చేనికి రాలే. నీళ్లు తాగి, బోడిగట్టు మీదుగా ముల్లయ్య చేని దిక్కు తిరిగినాయి.”

అంటూనే ముళ్ల కంచె కింద నుంచి దూరి అవతలికి పోయాడు. మోకాళ్ల మీద పాకి, పందులు పీకి పడేసిన ఒక చెనిక్కాయ మొక్క లేపి చూశాడు. వేరు తడి ఇంకా ఆరలేదు.

“ఓబులేసూ” అని నవ్వు ఆపుకుంటూ పిలిచాడు సుంకిరెడ్డి. “తుపాకీ యాడ పెట్టినావురా?”

ఓబులేసు ఉలిక్కిపడ్డాడు. చెయ్యి గబుక్కున భుజం మీదికి పోయింది.

తుపాకీ అక్కడే ఉంది, కంబళి పట్టీకి వేలాడుతూ. కంచె కింద అది ఎలా దూరిందో, గట్టు మీద ఎలా ఎక్కిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. అతని భుజం ఎప్పుడు దిగిందో, మెడ ఎప్పుడు నిటారుగా నిలబడిందో కూడా తెలియలేదు. సంతోషం పట్టలేక ఉస్తాదుకు చెబుదామని వెనక్కి తిరిగాడు.

దస్తగిరి కంచెకు అవతలే ఉన్నాడు. గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంటున్నాడు.

ఎదురుగా తడి గుర్తులుండగా ఆయన కూర్చోవడం ఓబులేసు ఏనాడూ చూడలేదు.

“ఉస్తాద్, నువ్వు రావా?”

“పొద్దు పోతా ఉండాది, పో నాయినా. నేనీడ కూకుంటా.”

సుంకిరెడ్డి ఒకసారి దస్తగిరి ముఖం వంక చూశాడు. ‘వీడు చాలు’ అన్న మాట ఇక అడగలేదు. భుజం మీది తువ్వాలు తీసి గట్టు మీద దులిపి, తనూ పక్కన కూర్చున్నాడు.

ఓబులేసు గుర్తుల వెంట నడిచాడు. బోడిగట్టు ఎక్కే ముందు ఒక్కసారి ఆగి వెనక్కి చూశాడు. ముసలివాళ్లిద్దరూ ఒకే అగ్గిపుల్లతో బీడీలు ముట్టించుకుని ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఒక్కరూ అతని వంక చూడటం లేదు.