సుస్వరం మాస్టారి బడికి తనిఖీ వచ్చిన రోజు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎవరి భాష వాళ్ళదే. నెమలి మాట కుందేలుకు తెలియదు. కుందేలు మాట ఉడుముకు తెలియదు. అయినా గొడవ లేదు. కింద తిరిగేవాళ్ళు కలిసినప్పుడు ఎలాగో కలగాపులగంగా మాట్లాడుకునేవారు, చెట్టు దిగని కొండముచ్చులకు మాత్రం అదీ రాదు. ఎవరి తిండి వాళ్ళు తింటూ, ఎవరి పిల్లల్ని వాళ్ళు కోప్పడుకుంటూ హాయిగా ఉండేవారు.

ఒక్క భాష మాత్రం అందరికీ రావాలి. అది కొండముచ్చుల భాష. ఎందుకంటే కొండముచ్చులు చిటారుకొమ్మన కూర్చుంటాయి. వాటికి చాలా దూరం కనిపిస్తుంది. పొదల్లో చిరుత కదలగానే ఒక కేక వేస్తాయి. ఆ కేక అర్థమైనవాళ్ళు పారిపోతారు. అర్థం కానివాళ్ళు… సరే, అన్నం తినేటప్పుడు అలాంటివి చెప్పకూడదు.

ఆ అడవికి కొత్తగా ఒక దుప్పి వచ్చింది. దాని పేరు పొడలమ్మ. పాత అడవిలో గడ్డి ఎండిపోతే, కొడుకు గిట్టన్నను వెంటబెట్టుకుని కొండలు దాటి వచ్చింది. పాత అడవిలో కాపలా నెమళ్ళది. అందుకని కొండముచ్చుల మాట తల్లికీ తెలియదు, పిల్లాడికీ తెలియదు.

పొడలమ్మకు బెంగ ఎక్కువ. కొత్త గడ్డి కనిపిస్తే ఒకసారి వాసన చూసేది. మళ్ళీ చూసేది. పక్కవాళ్ళని కూడా చూడమనేది. అలాంటి తల్లి, పిల్లాడికి కేక అర్థం కాకపోతే ఊరుకుంటుందా?

"నాకు రాకపోయినా ఫరవాలేదు. వాడికి వస్తే చాలు" అనుకుని బడి వెతుక్కుంటూ బయలుదేరింది.

దగ్గరలో ఉన్నది ఒక్కటే భాషల బడి. ఇప్పచెట్టు కింద సుస్వరం మాస్టారు నడిపేవాడు. ఆయన గోరింక. ఏ గొంతు విన్నా అచ్చం అలాగే అనగలడు.

"మాస్టారూ, మీకు కొండముచ్చుల భాష బాగా వచ్చా?" అని అడిగింది పొడలమ్మ.

"వినండమ్మా!" అని ఆయన కొండముచ్చులా దగ్గాడు. కొండముచ్చులా ఆవలించాడు. ముసలి కొండముచ్చు కోడలి మీద విసుక్కున్నట్టు విసుక్కున్నాడు. పక్క చెట్టు మీద నిజం కోడలొకామె ఉలిక్కిపడి కిందికి చూసింది.

"మరి మధ్యాహ్నం పిల్లలు ఏం తింటారు?"

"రాలిన ఇప్పపూలు. కడిగినవే."

"బడికి గుర్తింపు ఉందా?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "వచ్చినట్టే అనుకోండి. తనిఖీ అధికారి జుట్టప్ప గారు వచ్చి చూస్తారు. ముద్ర వేస్తారు. అంతే తరువాయి."

జుట్టప్ప గారంటే ఎలుగుబంటి. అడవిలో ఏ బడి అయినా నడవాలంటే ఆయన ముద్ర ఉండాలి. అరచేతిని ఎర్రమట్టిలో ముంచి, బడి చెట్టు మీద ఫట్టుమని కొడతాడు. అదే ముద్ర. అది లేని బడిని మూసేస్తారు.

గిట్టన్న బడిలో చేరాడు. అదే బడి లోయ అవతలి పిల్లలకు కూడా నడిచేది. వాళ్ళు ఇక్కడిదాకా రానక్కరలేదు. మాస్టారు గట్టిగా పాఠం చెబితే, ఎదుటి కొండకు తగిలి ఆ మాటలు వాళ్ళకు వినిపించేవి. పాఠం వింటున్నామని చెప్పడానికి వాళ్ళు 'ఊఁ' కొట్టాలి. ఊఁ వినిపిస్తే హాజరు పడినట్టే. ఊఁ వినిపించని రోజంటూ లేదు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు పొడలమ్మ కొడుకును దగ్గరికి పిలిచింది.

"ఏం నేర్చుకున్నావు నాన్నా?"

గిట్టన్న వరుసలో నిలబడినట్టు నిలబడ్డాడు. మెడ నిటారుగా పెట్టి కొండముచ్చుల భాషలో పాట పాడాడు. ఎంత బాగా పాడాడో! పొడలమ్మ కళ్ళు చెమర్చాయి.

"దీని అర్థం ఏమిటి కన్నా?"

"జుట్టప్ప గారికి స్వాగతం, సుస్వాగతం, మా బడి మంచి బడి."

"బాగుంది. చిరుత వస్తోంది అని ఎలా అంటారు?"

"అది పాఠంలో లేదమ్మా."

"నీళ్ళెక్కడున్నాయి అని?"

"అదీ లేదు. తనిఖీలో అవి అడగరట. గంట మోగగానే అందరం పరుగెత్తుకొచ్చి, వరుసలో నిలబడి, పాట పాడాలి. అంతే."

"గంట ఎక్కడిదిరా?"

"మాస్టారే గంట! 'ఖక్! ఖక్! ఖక్!' అని అరుస్తారు."

పొడలమ్మకు ఆ రోజు గడ్డి సహించలేదు. తిన్నగా బడికి కూతవేటు దూరంలో ఉన్న మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ చెట్టు మీద కొమ్మయ్య తాత అనే ముసలి కొండముచ్చు ఉండేవాడు. ఏళ్ళ తరబడి కింద మేసే దుప్పుల కబుర్లు వినీ వినీ, ఆయనకు దుప్పుల భాష వచ్చేసింది.

"తాతా, ఖక్ ఖక్ ఖక్ అంటే ఏమిటి?"

తాత కోపంతో తోక ఝాడించాడు. "ఏమిటా? చిరుత వచ్చిందని! మీ మాస్టారు రోజూ పొద్దున్నే ఆ కేక వేస్తాడమ్మా. మొదట్లో మేము నోట్లో ముద్ద వదిలేసి చిటారుకొమ్మకు ఎగబాకేవాళ్ళం. మా ఆవిడకైతే గుండెదడ పట్టుకుంది. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు మా మాట అర్థమైతేగా! నేను తిడుతుంటే శ్రద్ధగా విని, తిరిగి నన్ను అలాగే తిడతాడు. ఉచ్చారణ మాత్రం భేషుగ్గా ఉంటుంది."

పొడలమ్మ ఒక్క పరుగున బడికి వచ్చి సంగతి చెప్పింది. మాస్టారి రెక్కలు జారిపోయాయి. పాపం, ఆయనకు కేక వచ్చు గానీ అర్థం రాదు.

"అయ్యో, నేనది 'అందరూ ఒకచోటికి రండి' అనుకున్నానమ్మా! ఆ కేక వేయగానే కొండముచ్చులన్నీ ఒకే కొమ్మకు చేరతాయి కదా!"

"అయితే ఇప్పుడే మార్చేయండి మాస్టారూ."

"రేపే తనిఖీ! ఇప్పుడు గంట మారిస్తే పిల్లలు తికమకపడతారు. రేపొక్కరోజు గడవనివ్వండి. ఎల్లుండి నుంచి కొమ్మయ్య తాత కాళ్ళు పట్టుకునైనా అర్థాలు నేర్చుకుంటాను. అధికారి మిమ్మల్ని అడిగితే 'చాలా బాగుంది' అనండి చాలు. ముద్ర రాలేదో, బడి మూతే. మీవాడికి ఇంకో బడి కూడా లేదు."

పక్కనే ఉన్న అడవిపంది బురదమ్మ ఆ మాట అందుకుంది. "అవును వదినా! మా పిల్లలూ ఇక్కడే చదువుతున్నారు. మీరొక్కరే పిల్లల్ని కన్నట్టు మాట్లాడకండి. ఒక్కరోజుకు ఏమవుతుంది?"

పొడలమ్మ ఆలోచించింది. చెబితే బడి పోతుంది. చెప్పకపోతే ఒక్కరోజే కదా. మద్దిచెట్టు వైపు ఒకసారి చూసింది. అయినా "సరే" అంది.

మర్నాడు జుట్టప్ప గారు వచ్చారు. ఆయన తనిఖీకి ఒక పద్ధతి ఉంది. ముందు చెట్టు కింద ఊడ్చారా అని చూశారు. ఊడ్చారు. తర్వాత కూర్చునే రాళ్ళు వరుసగా ఉన్నాయా అని చూశారు. ఉన్నాయి. ఆ తర్వాత తేనె తాజాదేనా అని చూశారు. ఈ మూడోది మాత్రం చాలాసేపు చూశారు.

"లోయ అవతలి పిల్లల సంగతి?" అన్నారు మూతి తుడుచుకుంటూ.

మాస్టారు లోయ వైపు తిరిగి, "పిల్లలూ! వింటున్నారా?" అని కేకేశాడు.

"ఊఁ… ఊఁ… ఊఁ…" అంది అవతలి గట్టు.

"ఆహా! ఏం క్రమశిక్షణ! తల్లిదండ్రులు ఏమంటారు?"

అందరూ పొడలమ్మను ముందుకు తోశారు. అది గిట్టన్న వైపు చూసింది. మాస్టారి వైపు చూసింది.

"చాలా… చాలా బాగుందండీ" అంది.

"ఇంకేం! ముద్ర వేసేద్దాం" అని జుట్టప్ప గారు ఎర్రమట్టిలో చెయ్యి ముంచారు. చెట్టు మీద కొట్టడానికి చెయ్యెత్తారు.

సరిగ్గా అప్పుడే "ఖక్! ఖక్! ఖక్!" అని కేక వినిపించింది.

పిల్లలందరూ పరుగెత్తుకొచ్చారు. పందిపిల్లలు, కుందేలు పిల్లలు, అందరికంటే ముందు గిట్టన్న. చక్కగా వరుసలో నిలబడి, పొదల వైపు తిరిగి పాట ఎత్తుకున్నారు. తల్లులు మురిసిపోయారు. జుట్టప్ప గారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి తల ఊపారు.

పొడలమ్మ మాత్రం మాస్టారి వైపు చూసింది. మాస్టారి ముక్కులో తేనెపట్టు ముక్క ఉంది. అధికారికి ఇంకొంచెం పెట్టాలని పట్టుకొచ్చాడు. ముక్కు నిండా తేనెపట్టు పెట్టుకుని ఎవరైనా అరవగలరా?

మరి ఆ కేక ఎవరిది?

తల పైకెత్తింది. మద్దిచెట్టు మీద కొమ్మయ్య తాత కొమ్మలు ఊపేస్తూ, గొంతు చించుకుని అరుస్తున్నాడు.

పొదల్లోంచి చిరుత బయటికి వచ్చింది. వచ్చి, ఆగిపోయింది. వరుసలో నిలబడి పాట పాడే భోజనాన్ని అది ఎన్నడూ చూడలేదు. ఇందులో ఏదో మోసం ఉందేమోనని అనుమానం వచ్చింది. ఎడమ నుంచి మొదలుపెట్టాలా, కుడి నుంచా అని కూడా తేల్చుకోలేకపోయింది.

ఆ ఆగిన క్షణం చాలు. పొడలమ్మ తనిఖీ మధ్యలోకి దూకింది. తేనెపట్టు బుట్టలు తన్నేసింది. కొడుకును తలతో ఒక్క పోటు పొడిచింది.

"చిరుతరా! పారిపోండి! పాట ఆపండి!"

వరుస చెదిరింది. పిల్లలు తలో దిక్కుకూ పరుగు తీశారు. "ఎవరది, పాట మధ్యలో…" అంటూ జుట్టప్ప గారు వెనక్కి తిరిగారు. ఎదురుగా చిరుత ముఖం! ఆయనకు ధైర్యమేమీ లేదు. భయంతో ఒక్క అరుపు అరిచి, ఎత్తిన చెయ్యి అలాగే దించేశారు.

ఫట్!

ముద్ర వెళ్ళి చిరుత ముఖం మీద పడింది. కళ్ళ నిండా మట్టితో చిరుత గిర్రున తిరిగి, దారి కనబడక తుప్పల్లో పడుతూ లేస్తూ పారిపోయింది. ఆ రోజు ఆ అడవిలో గుర్తింపు దొరికింది దానికొక్కదానికే.

బురదమ్మ తన పిల్లల్ని ఒక్కొక్కరినీ మూతితో తడిమి చూసుకుంటోంది. మాస్టారు ముక్కులోని తేనెపట్టును ఇంకా వదల్లేదు.

చివరికి జుట్టప్ప గారు దగ్గారు. "సరే, జరిగిందేదో జరిగింది. వచ్చిన పని పూర్తి చేస్తాను" అంటూ మళ్ళీ మట్టిలో చెయ్యి ముంచబోయారు.

"ఆగండయ్యా!" అంది పొడలమ్మ. "ఇందాక చాలా బాగుందన్నాను. బాగాలేదు. ఆ సంగతి నాకు నిన్ననే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. మీరు రాళ్ళు చూశారు, తేనె చూశారు. పిల్లలకు ఏం వచ్చిందో ఒక్క ప్రశ్న అడగండి."

ఈసారి బురదమ్మ అడ్డుపడలేదు.

జుట్టప్ప గారు ఇబ్బందిగా కదిలారు. పొడలమ్మ చెవి దగ్గరికి వంగి, "నాకు కొండముచ్చుల భాష రాదమ్మా" అన్నారు మెల్లగా.

"వచ్చినవాళ్ళనే అడగమనండి మరి."

కొమ్మయ్య తాత కిందికి దిగి, తన భాషలో పిల్లల్ని అడిగాడు: "ఆకలేస్తోందా?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి "జుట్టప్ప గారికి స్వాగతం" అని పాడారు.

జుట్టప్ప గారు నీళ్ళ దగ్గరికి వెళ్ళి చెయ్యి కడిగేసుకున్నారు. అక్కడి నుంచి లోయ దిగి, అవతలి గట్టు ఎక్కారు. ఇన్నేళ్ళలో ఆయన ఆ గట్టు ఎక్కడం అదే మొదటిసారి. అక్కడ పిల్లలెవరూ లేరు. ఒక గువ్వ మాత్రం గూట్లో కూర్చుని ఉంది.

"నువ్వేనా అమ్మా రోజూ పాఠం వినేది?"

"పాఠమేమిటి బాబూ? నేను గుడ్లు పొదుగుతున్నాను. ఊఁ అనడం మాకు పుట్టుకతోనే అలవాటు" అంది గువ్వ. "పిల్లలంటారా? పొద్దస్తమానం వాగులో ఆడుకుంటున్నారు."

జుట్టప్ప గారు తిరిగి వచ్చేసరికి మాస్టారు తల దించుకుని ఉన్నాడు. "బడి మూసేస్తారా అయ్యా?"

"మూస్తే పిల్లలు ఎక్కడికి పోతారయ్యా? ముందు మీరు నేర్చుకోండి. తర్వాత వాళ్ళకు నేర్పండి. కబురు పంపకుండా వస్తాను. తేనె పెట్టొద్దు" అని, కొంచెం ఆగి, "పెట్టినా తనిఖీ అయ్యాక పెట్టండి" అన్నారు.

అన్నట్టుగానే ఆయన కబురు లేకుండా వచ్చి, వెనక వరుసలో పిల్లల మధ్య కూర్చునేవారు. కొమ్మయ్య తాత ఏదో ఒకటి అడుగుతుంటే, పిల్లలు ఏం చెబుతారో చూసేవారు. తనకు అర్థం కానిది పక్కనున్న కుందేలు పిల్లను అడిగి తెలుసుకునేవారు. లోయ అవతలి పిల్లలకు కూడా గువ్వ ఊఁతో తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. అడిగినదానికి జవాబు చెబితేనే హాజరు. ముద్ర మాత్రం చాలాకాలం పడలేదు. ఆ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు కూడా.

ఒక మధ్యాహ్నం పొడలమ్మ, గిట్టన్న మద్దిచెట్టు కింద మేస్తున్నారు. పైనుంచి కొమ్మయ్య తాత తన భాషలో ఏదో అన్నాడు. గిట్టన్న పకపకా నవ్వి, అదే భాషలో ఏదో బదులిచ్చాడు. తాత నవ్వలేక కొమ్మ పట్టుకున్నాడు.

"ఏమిట్రా? ఏమన్నాడు?" అంది పొడలమ్మ కంగారుగా.

"ఏం లేదమ్మా. నీ గురించే."

"నా గురించా? ఏమని?"

"నువ్వు గడ్డి మేసేముందు మళ్ళీ మళ్ళీ వాసన చూస్తావు కదా, దాని మీద."

"మరి నువ్వేమన్నావు?"

"అది నీకు చెప్తే బాగోదులే!"

పొడలమ్మ కోపం తెచ్చుకోబోయింది. రాలేదు. తన పిల్లాడు పరాయి భాషలో తన మీదే వేళాకోళం ఆడుతున్నాడు. ఎవరూ నేర్పని మాట, అప్పటికప్పుడు తనే అల్లుకుని మరీ! దాని ఒళ్ళంతా గర్వంతో పొంగిపోయింది.

"ఇంకోసారి అను నాన్నా, వింటాను" అంది.

నీతి: బడికి ముద్ర పడిందా అని కాదు, పిల్లలకు చదువు వచ్చిందా అని చూడాలి. రాలేదని తెలిసినప్పుడు మొహమాటపడి 'బాగుంది' అంటే, ఆ నష్టం మన పిల్లలకే.