చలికాలంలో తొండ ఎక్కడికి పోతుంది?

ఒకప్పుడు తొండలకి నిద్రకాలం అంటూ ఉండేది కాదు. కోడికీ కుక్కకీ ఉన్నట్టే వాటి ఒంట్లోనూ సొంత వేడి ఉండేది. ఎండలోనూ తిరిగేవి, మంచులోనూ తిరిగేవి.

ఆ రోజుల్లో కొండమీద ఒక ఊళ్ళో చిన్నాలమ్మ అనే ఆవిడ అల్లం పండించుకుంటూ ఒంటరిగా బతికేది. ఒకనాడు కలుపు తీస్తుంటే మట్టిపెళ్ళ కింద వేలెడంత తొండపిల్ల దొరికింది. ఒళ్ళు గరుగ్గా ఉందని గరుకయ్య అని పేరు పెట్టి, పెరట్లోనే పెంచుకుంది.

గరుకయ్యకి కట్టూ లేదు, బుట్టా లేదు. కంచెమీద పరుగులు తీసేవాడు. అల్లం ఆకులమీది పురుగుల్ని ఏరుకు తినేవాడు. సాయంత్రం ఆవిడ గుమ్మంలో కూర్చుంటే భుజమెక్కి ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు.

"అమ్మా, పక్కింటి అచ్చియ్యమ్మత్త కోడి ఇవాళ గుడ్డు పెట్టలేదు. ఊరికే అరిచింది."

"పరాయి కోళ్ళ గొడవ నీకెందుకురా?" అని చిన్నాలమ్మ పకపకా నవ్వేది.

ఆ ఏడు కార్తీకమాసంలో చలి ముందే కొండెక్కింది. గడ్డిమీద మంచు బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా పేరుకుంది. చిన్నాలమ్మ గుండెల్లో రాయి పడింది. వచ్చే ఏటికి దాచిన విత్తనం అల్లమంతా పెరట్లో గోతిలో ఉంది మరి! ఆకులు కప్పింది. గడ్డి కప్పింది. ఆఖరికి తన దుప్పటి కూడా తెచ్చి కప్పింది.

"ఓ చలీ! పైన ఎంతైనా తిరుగు. నా గోతిలోకి దూరతావేం?" అని కేకలేసింది.

"నన్నేం చెయ్యమంటావు? సందు కనిపిస్తే దూరిపోవడమే నాకు తెలుసు," అంది చలి.

అప్పట్లో నేల లోపల కూడా చల్లగానే ఉండేది. "నా దగ్గరా వేడి లేదు తల్లీ," అంది నేల దిగులుగా. "అల్లం వణుకుతోంది. ఇలాగే ఉంటే కుళ్ళిపోతుంది."

చిన్నాలమ్మ గోతి పక్కనే కూలబడింది. గరుకయ్య ఆమె భుజం దిగాడు.

"కోడి గుడ్లమీద కూర్చుంటుంది కదమ్మా! నేను అల్లంమీద కూర్చుంటాను."

వద్దురా అనేలోపే ఆకుల సందులోంచి గోతిలోకి జారిపోయాడు. ఎంత పిలిచినా పైకి రాలేదు.

తెల్లారగానే చిన్నాలమ్మ ఆకులు తొలగించి చూసింది. గరుకయ్య అల్లంమీద పొట్ట ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. తాకి చూస్తే రాయిలా చల్లగా తగిలాడు.

"ఓలమ్మో! నా గరుకయ్య పోయాడు!" అని గొల్లుమంది.

"ఏడవకు. వాడు చావలేదు," అంది నేల. "ఒంట్లో వేడంతా నాకిచ్చేశాడు. కావాలంటే చెయ్యి పెట్టి చూడు."

చిన్నాలమ్మ మట్టిలో చెయ్యి పెట్టింది. నిజమే, గోరువెచ్చగా ఉంది. అల్లం కణుపులు నవనవలాడుతున్నాయి.

"నా బిడ్డ వేడి నా బిడ్డకిచ్చెయ్!"

"ఇచ్చేస్తాను. కానీ అల్లం దక్కదు."

"పోతే పోనీ అల్లం! కూలికెళ్ళి బతుకుతాను. ముందు వాణ్ణి లేపు!"

ఆ మాటకి గరుకయ్య ఒక కన్ను కొంచెం తెరిచాడు. "అమ్మా... నాకేం బాధ లేదు. ఇక్కడ హాయిగా ఉంది. నిద్రొస్తోంది. పడుకోనీ."

"మళ్ళీ ఎప్పుడు లేస్తావురా?"

వాడు అప్పటికే నిద్రలోకి జారుకున్నాడు.

"ఎండలు ముదిరాక నేనే పంపిస్తాను," అంది నేల. "అందాకా నా ఒళ్ళో ఉంటాడు. మధ్యలో మాత్రం తవ్వి చూడకు."

చిన్నాలమ్మ కళ్ళు తుడుచుకుని, జోకొట్టినట్టే మెల్లగా మట్టి కప్పింది.

రోజులు గడిచాయి. అచ్చియ్యమ్మ కంచె పక్కన నిలబడి, "ఏటి వదినా, చచ్చిన తొండకి కాపలా కాస్తున్నావా?" అని నవ్వింది. ఆ మాట చిన్నాలమ్మకి ముల్లులా గుచ్చుకుంది. ఇక ఉండబట్టలేక గునపం పట్టుకొచ్చింది. తవ్వబోతూ ఎందుకో వంగి నేలకి చెవి ఆనించింది.

టక్... చాలాసేపటికి మళ్ళీ టక్...

గరుకయ్య గుండె! చిన్నాలమ్మ ముఖం విప్పారింది. గునపం చూరులో దోపేసి, గంజి కాచుకుని కడుపునిండా తాగింది.

చలి కొండ దిగింది. ఇప్పపూలు రాలాయి. ఒకరోజు పెరట్లో మట్టి చిట్లి, దుమ్ముకొట్టుకున్న చిన్న తల బయటికొచ్చింది.

"అమ్మా, ఆకలి!"

చిన్నాలమ్మ వాణ్ణి గుండెలకి హత్తుకుంది. ఒళ్ళు ఇంకా చల్లగానే ఉంది. అడుగు వెయ్యలేక తూలుతున్నాడు. పైనుంచి సూర్యుడు పిలిచాడు.

"ఒరే గరుకయ్యా! నీ వేడి ఇక నేల దగ్గరే ఉంటుంది. రోజూ పొద్దున్నే బండెక్కి నా దగ్గర తీసుకో. నాకేం తరిగిపోదు."

"చలి వచ్చినప్పుడు నా దగ్గరికి రా," అంది నేల. "నువ్వే కాదు, మీ జాతంతా రండి. చోటుంది."

గరుకయ్య బండెక్కి, పొట్ట ఆనించి, ఒళ్ళు వెచ్చబడేదాకా కదలకుండా కూర్చున్నాడు. తర్వాత టపీమని దూకి అల్లం గోతి దగ్గర చీమల్ని పట్టాడు. గోతిలో అల్లమంతా మొలకలెత్తింది.

అప్పటినుంచే తొండలు పొద్దున్నే బండలెక్కి ఎండ కాచుకుంటున్నాయి, చలి ముదిరితే నేలలో దూరి నిద్రపోతున్నాయి. చలికాలం పొద్దున బావినీళ్ళు గోరువెచ్చగా తగలడం కూడా అప్పటినుంచే. పెరట్లో ఆకుల కింద ఎప్పుడైనా చల్లటి తొండ కనిపిస్తే చచ్చిందనుకోకండి. మళ్ళీ ఆకులు కప్పేసి, చప్పుడు చెయ్యకుండా వచ్చేయండి.